మూడో బంతి లేని విందు

చిలకలేటి ఒడ్డున ఉద్దండరాయుడు ఏలుతున్న రోజుల్లో ఆ రాజ్యంలో పంటలు బాగానే పండేవి కాని, వాటికంటే ఎక్కువగా అలకలు పండేవి. కొలువులో ఏ ఇద్దరు పెద్దలను చూసినా ఒకరు తూర్పుకీ, ఇంకొకరు పడమటికీ తిరిగి కూర్చునేవారు. మధ్యలో సింహాసనం మీద రాజుగారు మీసం దువ్వుకుంటూ ఇద్దరినీ చూసి ముచ్చటపడేవారు.

ఈ పంటకి విత్తనం వేసింది రాజుగారే. పట్టానికి వచ్చిన కొత్తలో ఆయనకొక ఆలోచన తట్టింది. కుట్ర పన్నాలంటే ఇద్దరు మనుషులు మాట్లాడుకోవాలి. మాటలే లేకపోతే ఇంక కుట్ర ఎక్కడిది? అంతే, కొత్త ఆచారం ఒకటి పెట్టారు. కొలువులో ఎవరికైనా ఎవరితోనైనా పేచీ వస్తే, ఇద్దరూ రాజుగారి ఎదుట నిలబడి ఒక తమలపాకును చెరో కొసా పట్టుకుని తుంచాలి. తుంచుకున్నాక ఆ ఇద్దరూ మాట్లాడుకోకూడదు. ఒకరి గడప ఒకరు తొక్కకూడదు. ఒకే బంతిలో కూర్చుని భోంచెయ్యకూడదు. ఆ కట్టు తప్పినవాడు ఇంటిల్లిపాదితో దేశం విడిచి పోవలసిందే. మళ్ళీ రాజుగారు స్వయంగా ఒక నిండు ఆకు ఇద్దరి చేతుల్లో పెడితే తప్ప తెగిన మాట అతకదు.

రాజుగారి ఎదుట తెగిన ఆకులకు లెక్కలేదు. ఆయన ఇచ్చిన నిండు ఆకు మాత్రం ఒక్కటీ లేదు.

ఆ కొలువులో కూచన అనే మాటకారి ఉండేవాడు. ఎంతటివాడైనా సరే, కూచన ఎదుట బడాయి పోతే నవ్వులపాలు కాక తప్పేది కాదు. రాజుగారికి కూచన అంటే ఇష్టమూ ఉండేది, గుబులూ ఉండేది. కూచనకి చిన్ననాటి స్నేహితుడు ఒకడు, మైలారనాయకుడని, కోటకు కాపలా పెద్ద. కూచన ఎంత వాచాలుడో మైలారుడు అంత మితభాషి. కూచన ఒక చమత్కారం విసిరితే సభంతా నవ్వి ఊరుకున్నాక, అప్పుడు నవ్వేవాడు మైలారుడు. ఆ ఆలస్యపు నవ్వు విని సభ మళ్ళీ నవ్వేది. కూచనకి మొదటి నవ్వుకంటే ఆ రెండో నవ్వే ఎక్కువ ఇష్టం.

అలాంటి ఇద్దరూ ఆకు తుంచుకుని పదేళ్ళు దాటింది.

జరిగింది ఇది. ఒకనాడు రాజుగారు కూచనను తోటలోకి పిలిచి, జాలిపడుతున్నట్టు మొహం పెట్టి చెప్పారు. "ఎలా చెప్పను కూచనా! మీ మైలారుడు నిన్న నలుగురిలో ఏమన్నాడో తెలుసా? 'కోటలో కుక్క నా వెనక తిరుగుతుంది, కొలువులో కూచన రాజు వెనక తిరుగుతాడు. కుక్క తోక కనిపిస్తుంది, కూచన తోక కనిపించదు. అంతే తేడా' అన్నాడట."

ఆ మాట కూచనకి బాణంలా దిగింది. ఎంత నిఖార్సుగా ఉందంటే, అది తన మాటలాగే ఉంది. నలుగురినీ అనేవాడికి ఒక మాట పడితే ఎలా ఉంటుందో ఆ పూటే తెలిసింది. నేరుగా కొలువుకి వచ్చి ఆకు అడిగాడు. మైలారుడు "ఎందుకు?" అని అడగలేదు. కూచన మొహంలోకి కాసేపు చూశాడు. ఆకు రెండో కొస పట్టుకున్నాడు.

ఏళ్ళు గడిచాయి. ఇద్దరికీ తల నెరిసింది. కూచనకి భార్య పోయింది. ఆ పన్నెండు దినాలూ మైలారుడు వీధి చివర వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడని తర్వాత ఎవరో చెప్పారు. గడప తొక్కకూడదు కదా.

ఒక మధ్యాహ్నం మైలారుడి భార్య బయ్యక్క కూచన ఇంటి అరుగు మీదకి వచ్చి కూలబడింది. ఆకు తుంచింది మగవాళ్ళు గాని ఆడవాళ్ళు కాదు కదా, ఆమె రావడానికి అడ్డేమీ లేదు. అయినా అన్నేళ్ళలో ఆమె రావడం అదే మొదలు.

"మరిదీ, మీ అన్నకి మరుపు వచ్చింది" అంది ఆమె.

"ఈ వయసులో ఎవరికి లేదు వదినా? నేను మొన్న చెప్పులు తొడుక్కుని చెప్పులు వెతికాను."

"అలాంటిది కాదు. కోట తలుపులన్నిటి గడియలూ చీకట్లో తడిమి చెప్పేవారు కదా, ఇప్పుడు మా పెరటి తలుపు ఎటు లాగాలో తెలియక నిలబడిపోతున్నారు. నిన్న పెద్దాడిని పట్టుకుని 'ఎవరు బాబూ నువ్వు, ఎవరి తాలూకు?' అని అడిగారు. వాడు పొలం వెళ్ళిపోయి గట్టు మీద కూర్చుని ఏడ్చాడట."

కూచన ఆమెకి ఎదురుగా అరుగు మీద చతికిలబడ్డాడు.

"రోజుకొకటి పోతోంది. మొదట వస్తువుల పేర్లు పోయాయి. తర్వాత ఊళ్ళ పేర్లు. ఇప్పుడు మనుషులు. నీ పేరు ఇంకా ఉంది మరిదీ. అప్పుడప్పుడు అంటున్నారు. అది కూడా పోకముందే ఒక్కసారి వచ్చి కనిపిస్తావేమోనని..."

"వస్తే మీ అందరినీ కూడా ఊరు దాటిస్తారు వదినా. రాజుగారి ఆన."

"తెలుసు" అంది బయ్యక్క. కొంగుతో మొహం తుడుచుకుని, పోవడానికి లేచి, ఏదో గుర్తొచ్చి చిన్నగా నవ్వింది. "హాస్యాలు కూడా చెప్పబోతున్నారు ఈ మధ్య. నీకు తెలుసుగా ఆయన సంగతి. పడుచుతనంలోనే ఒక్క హాస్యం తిన్నగా చెప్పలేదు. చివర చెప్పాల్సింది ముందే చెప్పేసి, ఎవరూ నవ్వడంలేదేమని మన మొహాలు చూసేవారు."

ఆమె వెళ్ళిపోయింది. కూచన అరుగు మీద అలాగే ఉండిపోయాడు.

కుక్క తోక కనిపిస్తుంది, కూచన తోక కనిపించదు. తూచినట్టున్న ఆ మాట మైలారుడు కూర్చగలడా? జన్మలో కూర్చగలడా? ఊళ్ళో పాలు పోసే ఆమెను అడిగినా చెప్పేది, అది మైలారుడి మాట కాదని. రాజ్యమంతటినీ మాటలతో గెలిచినవాడికి ఆ చిన్న సంగతి పదేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. కోపం అలాంటిది. తన తెలివి మీద తనకున్న నమ్మకం అంతకంటే పాడుది.

మర్నాడే రాజుగారి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, నాకూ మైలారుడికీ ఒక నిండు ఆకు ఇప్పించండి."

రాజుగారి కళ్ళలో ఏదో మెదిలింది. "తుంచింది మీరు. ఇప్పుడు అతికించమంటే ఎలాగోయ్? ఆచారం ఆచారమే" అన్నారు. ఇంకేమీ వినలేదు. ఆ ఇద్దరూ మాట కలిపితే తోటలో తను చెప్పిన మాట సంగతి బయటపడుతుంది. అది ఆయన ఎరుగును, కూచనా ఎరుగును.

ఇలా ఉండగా రాజుగారి షష్టిపూర్తి దగ్గరికొచ్చింది. పొరుగు రాజులు వస్తారు. కొలువులో పెద్దలందరికీ విందు. ఇంతకుముందు జరిగిన విందులో, పడనివాళ్ళను పక్కపక్కన కూర్చోబెట్టలేక బంతి మీద బంతి వేసి, ఆఖరి బంతి లేచేసరికి దీపాలు పెట్టారు. పొరుగు రాజు ఒకాయన మీసాల్లో నవ్వి, "మీ నగరిలో చోటు ఇరుకా, బావగారూ?" అని అడిగి పోయాడు. ఆ మాట ఉద్దండరాయుడికి ఇంకా మంట పెడుతూనే ఉంది.

"ఈసారి రెండే బంతులు" అని ఆజ్ఞ వేశారు. "మూడో బంతి అన్న మాట నా చెవిన పడకూడదు. ఎవరు ఏర్పాటు చేస్తారు?"

ఆస్థాన పండితుడు శ్రీకంఠభట్టు ముందుకు వచ్చి శాలువా సర్దుకున్నాడు. "ఇందులో ఏముంది ప్రభూ! సగంమందిని ఒక బంతిలోనూ, సగంమందిని రెండో బంతిలోనూ కూర్చోబెడితే సరి. రెంటితో భాగించడం పసివాళ్ళ విద్య."

"భట్టుగారు భాగించేది మనుషులను, గుమ్మడికాయలను కాదు" అన్నాడు కూచన. "సగం చేస్తే ఏ సగంలో ఎవరికెవరు పడరో చూడవద్దా?"

రాజుగారికి అవకాశం దొరికింది. "అయితే నువ్వే చెయ్యి. చేస్తే సరేసరి. చెయ్యలేకపోతే కొలువులో నీ పీఠం భట్టుకి ఇచ్చేస్తాను."

"చిత్తం" అన్నాడు కూచన.

ఇంటికి పోయి రెండు పళ్ళేలూ, ఒక దారపు ఉండా ముందు పెట్టుకున్నాడు. ఒక్కొక్క పెద్దకీ ఒక్కొక్క వస్తువు పెట్టాడు. సేనాపతికి బాణం ములికి, వైద్యుడికి కరక్కాయ, భట్టుకి రుద్రాక్ష, కోశాధికారి వల్లభుడికి పసుపుకొమ్ము. వల్లభుడంటే రాజుగారి బావమరిది. మైలారుడికి ఒక పాత తాళంచెవి. తనకి చింతగింజ. ఆకు తుంచుకున్న ప్రతి ఇద్దరికీ నడుమ ఒక దారం కట్టాడు.

ఈ పద్ధతి కూచనది కాదు. పడుచుతనంలో కాపలావాళ్ళకు వంతులు వెయ్యడానికి మైలారుడు ఇసకలో చుక్కలు పెట్టి గీతలు గీసేవాడు. ఒకడికొకడు పడనివాళ్ళు ఒకే పూట కాపలా కాస్తే కత్తులు వాళ్ళ మీదకే లేస్తాయని. పక్కన కూర్చుని వెక్కిరించేవాడు కూచన. ఇప్పుడు ఆ వెక్కిరించిన విద్యే చేతికందింది.

పని సులువే. ఒక వస్తువును ఎడమ పళ్ళెంలో పెట్టాలి. దానికి దారం ఉన్నవన్నీ కుడి పళ్ళెంలోకి పోవాలి. వాటికి దారం ఉన్నవి మళ్ళీ ఎడమకి. అలా పోతూ ఉంటే, ప్రతివాడికీ తన పక్కవాడు పడక పడనివాళ్ళు వలయంగా ఉన్నా సరే, నలుగురు ఉంటే ఒకడు విడిచి ఒకడు రెండు పళ్ళేలలో సర్దుకుంటారు. ఆరుగురైనా అంతే. కాని వలయంలో ముగ్గురో ఐదుగురో ఉండి ఒక మనిషి జత లేకుండా మిగిలాడా, ఎటు పెట్టినా ఒక దారం ఒకే పళ్ళెంలో ఉండిపోతుంది. ముగ్గురికి ముగ్గురూ పడకపోతే మరీ సూటిగా తెలుస్తుంది. పళ్ళేలు రెండు, మనుషులు ముగ్గురు. ఇద్దరు ఒకచోట పడక తప్పదు.

కొలువంతా విడిపోయింది. ఒక్క ముడి మాత్రం మిగిలింది. పసుపుకొమ్ము, తాళంచెవి, చింతగింజ. వల్లభుడికి మైలారుడు పడడు, కాపలా గదుల్లో దాచిన అతని ధాన్యం బస్తాలు బయట పారేయించినందుకు. వల్లభుడికి కూచనా పడడు, అతని తలపాగా మీద పద్యం చెప్పినందుకు. ఇక చింతగింజకీ తాళంచెవికీ నడుమ దారం ఉండనే ఉంది.

కూచన కొలువులో పళ్ళేలు పెట్టి చూపించాడు. "ప్రభూ, ఈ ఒక్క ముడి విప్పితే రెండు బంతులతో సరి. దానికి తమరు ఒక నిండు ఆకు ఇవ్వాలి. ఒక్కటి చాలు."

పొరుగు రాజు నవ్వు గుర్తుకొచ్చి రాజుగారు ఒప్పుకున్నారు. నిండుకొలువులో లేచి నిలబడి గంభీరంగా అన్నారు. "పండగనాడు ఉదయం ఒకే ఒక్క జంటకి ఆకు ఇస్తాను. రెండో ఆకు అడిగినవాడి నాలుక కోయిస్తాను. ఇది ఉద్దండరాయుడి మాట!"

అంటూ వల్లభుడి వైపు చూసి కన్ను గీటారు. కూచన ఆ గీటడం చూశాడు. ముడిలో మూడు దారాలున్నాయి, ఏది తెంపినా ముడి విడుతుంది. రాజుగారు పసుపుకొమ్ము దారమే తెంపుతారు. తాళంచెవి దారం ముట్టుకోరు. పీఠం నిలుస్తుంది, విందు జరుగుతుంది, మైలారుడు రెండో పళ్ళెంలోనే ఉండిపోతాడు. ఈలోగా అతని మనసులోంచి కూచన పేరు పోతుంది.

ఆ సాయంత్రం కూచన పళ్ళేల ముందు చాలాసేపు కూర్చున్నాడు. తాళంచెవికి ఇంకో దారం కూడా ఉంది, రుద్రాక్షతో. కోట గుమ్మం దగ్గర భట్టు పల్లకీ ఆపి దిగి నడవమన్నాడని భట్టుకి మైలారుడి మీద కోపం. కూచన ఆ దారాన్ని వేలితో పైకెత్తి చూశాడు. రుద్రాక్షకీ చింతగింజకీ నడుమ ఏమీ లేదు. ఉంటే?

మర్నాడు కొలువులో శ్రీకంఠభట్టు పండగకి రాసిన స్తుతి పద్యం చదివాడు. అందరూ భేష్ అన్నారు. కూచన ఆవులించాడు.

"ఏమయ్యా, ఆ ఆవులింత ఏమిటి?" అన్నాడు భట్టు.

"ఏమీ లేదు భట్టుగారూ. పోయినేడు పొరుగు రాజుగారి పెళ్ళిలో ఇదే పద్యం విన్నాను. అప్పుడూ నిద్రే వచ్చింది. అక్కడ ఆ రాజుగారి పేరు ఉండేది, ఇక్కడ మన రాజుగారి పేరు పెట్టారు. కాకపోతే ఆ రాజు సన్నం, మన రాజుగారు లావు. చొక్కా సరిపోక చంకల దగ్గర చిరిగింది."

సభ పగలబడి నవ్వింది. భట్టు మొహం కందగడ్డ అయింది. "ఓరి నీ నోట మన్ను పడ! ఆకు తెండి! ఇప్పుడే, ఇక్కడే! ఇంకోసారి వీడి మొహం చూస్తే నేను తలంటి పోసుకుంటాను!"

"తలంటి పోసుకుంటే మంచిదే, పండగ కదా" అన్నాడు కూచన.

ఆకు వచ్చింది. తెగింది. రాజుగారు పళ్ళికిలించి చూశారు. ఇంకో ఇద్దరికి మాటలు పోయాయి అన్న సంతోషం తప్ప ఆయనకి వేరే ఆలోచన రాలేదు. పాపం భట్టు ఆ రోజు ఏ తప్పూ చెయ్యలేదు. ఇంటికి నడుస్తూ కూచన ఆ సంగతి తలుచుకుని సిగ్గుపడ్డాడు. ఒక తెగిన మాట అతికించుకోవడానికి ఇంకొక మాట తెంపవలసి వచ్చింది.

పండగ వచ్చింది. నగరి ముంగిట అరటిబోదెలు, మామిడి తోరణాలు. చావడిలో విస్తళ్ళు పరిచారు. పొరుగు రాజులు ఆసనాల మీద కూర్చుని చూస్తున్నారు. రాజుగారు పట్టు ఉత్తరీయం సవరించుకుని, "ఆ పళ్ళేలు ఇటు తే కూచనా. ఈ ముడి నేనే విప్పుతాను. పెద్ద బ్రహ్మవిద్య కాదులే" అన్నారు.

చిన్న కత్తెర తీసుకుని, పసుపుకొమ్ముకీ చింతగింజకీ నడుమ దారం టక్కున కత్తిరించారు. "వల్లభుడికీ కూచనకీ నేడు ఆకు ఇస్తున్నాను. సర్దు!"

కూచన సర్దాడు. చింతగింజ ఎడమకి, తాళంచెవి కుడికి. రుద్రాక్ష చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "భట్టుగారిని ఎటు పెట్టమంటారు ప్రభూ?"

"ఎడమకి పెట్టు."

"నాతో పడదు."

"కుడికి పెట్టు."

"మైలారుడితో పడదు."

రాజుగారు కనుబొమలు ముడిచారు. "ఈ దారం ఎక్కడిది? మొన్న లేదే!"

"నిన్నగాక మొన్న తమ ఎదుటే తెగిన ఆకు. తమరు చాలా సంతోషించారు కూడా."

రాజుగారు తెగిన దారం మళ్ళీ ముడి వేయించారు. ఈసారి పసుపుకొమ్ముకీ తాళంచెవికీ నడుమది విప్పారు. లాభం లేదు. రుద్రాక్ష దారం ఒకటి విప్పితే పసుపుకొమ్ము అడ్డం వచ్చింది. పసుపుకొమ్ము సర్దుకుంటే రుద్రాక్ష మొరాయించింది. పొరుగు రాజులు మెడలు సాచి చూడసాగారు. ఉద్దండరాయుడి నుదుట చెమట పట్టింది. ఒక్క ఆకేనని నిండుకొలువులో ప్రతిజ్ఞ చేసి ఉన్నారు.

చివరికి ఆయన వేళ్ళు చింతగింజకీ తాళంచెవికీ నడుమ దారం దగ్గర ఆగాయి. అది తీసి చూశారు. చింతగింజా తాళంచెవీ ఒక పళ్ళెంలో, పసుపుకొమ్మూ రుద్రాక్షా రెండో పళ్ళెంలో. చక్కగా కూర్చున్నాయి. ఒక్క దారమూ పక్కవాణ్ణి పట్టి లాగలేదు.

"అది తప్ప" అన్నారు రాజుగారు గొంతు సవరించుకుని. "అది తప్ప ఇంకేదైనా..."

"ఇంకేదీ లేదు ప్రభూ. అయినా అదెందుకు వద్దు?"

"వాడు నిన్ను అంత మాట అన్నాడు కదోయ్! కుక్క, తోక అని. నీకు పౌరుషం లేదా?"

కూచన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "ఆహా, ఏమి మాట ప్రభూ అది! ఇన్నేళ్ళూ నేను పడిన బాధ తిట్టినందుకు కాదు. అంత గొప్ప మాట నాకు తట్టలేదే అని. ఈ కొలువులో నేను చెప్పిన చమత్కారాలన్నీ ఒక ఎత్తు, మైలారుడి ఆ ఒక్క మాటా ఒక ఎత్తు. ఇదిగో, పొరుగు ప్రభువులు కూడా విన్నారు కదా. ఇకనుంచి ఈ రాజ్యంలో మొదటి చమత్కారి కూచన కాదు, మైలారనాయకుడు. ఆయనకే పీఠం ఇప్పించండి. ఆ తోక మాట రాతి మీద చెక్కించి, కింద ఆయన పేరు..."

"మైలారుడా!" అని అరిచారు రాజుగారు. "ఆ మొద్దు వాడికి అంత మాట ఎక్కడినుంచి వస్తుంది? అది నేను అన్నదోయ్! కూర్చుని ఒక రోజంతా ఆలోచించి నేను..."

ఆగిపోయారు.

పొరుగు రాజుల్లో ఒకాయన దగ్గినట్టు నటించాడు. ఉద్దండరాయుడు తన నోటినుంచి జారిన మాట గాలిలో వేలాడుతుంటే చూస్తున్నట్టు కాసేపు అలా ఉండిపోయారు. తర్వాత భుజాలు కదిలాయి, పొట్ట కదిలింది. పెద్దగా నవ్వేశారు.

"పట్టేశావురా! దొంగను దొంగ చేతే పట్టించావు! ఆ భట్టుతో తగాదా ఇందుకేనా? కొత్త ముడి వేసి పాత ముడి నా చేతే విప్పించావా?"

"తమరు చల్లగా ఉండాలి ప్రభూ" అన్నాడు కూచన. అతను మాత్రం నవ్వలేదు.

రాజుగారు చేతి బంగారు కడియం తీసి కూచనకి తొడిగారు. తాంబూలాల పళ్ళెంలోంచి నిండు తమలపాకు ఒకటి తీసి అతని చేతిలో పెట్టారు. "పో, మీవాడు బంతిలో కూర్చునే ఉన్నాడు. రెండో కొస నా మాటగా నువ్వే వాడి చేతిలో పెట్టు."

కూచన ఆకు పట్టుకుని చావడిలోకి వెళ్ళాడు. వరస చివర, స్తంభం పక్కన, మైలారుడు కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. బయ్యక్క కట్టిపెట్టినట్టుంది, తలపాగా మాత్రం తిన్నగా ఉంది. పక్క విస్తరి ఖాళీగా ఉంది. ఆ విస్తరి మీద మైలారుడు తన చెయ్యి పరిచి పెట్టుకున్నాడు.

కూచన వంగి, ఆ చేతిలో ఆకు ఒక కొస పెట్టి, రెండో కొస తను పట్టుకున్నాడు. మైలారుడు ఆకును చూశాడు. కూచన మొహం చూశాడు. మర్యాదగా నవ్వాడు.

"ఇక్కడ కాదు బాబూ" అన్నాడు. "ఇది మా కూచన విస్తరి. వాడొస్తాడు."

కూచన తన చేతిలోని ఆకు కొస వదల్లేదు.

"ఆయన వచ్చేదాకా కూర్చోనా?" అని అడిగాడు.

మైలారుడు ఆలోచించాడు. "వచ్చేదాకా అయితే కూర్చో. వాడు రాగానే లేవాలి సుమా."

"అలాగే."

కూర్చున్నాడు. పప్పు వడ్డించారు, నెయ్యి వేశారు. మైలారుడు అతని వైపు వంగి, రహస్యం చెప్తున్నట్టు అన్నాడు. "నామీద కోపంగా ఉన్నాడులే. ఎందుకో నాకు తెలియదు. అడుగుదామనుకున్నాను. కోపంలో ఉన్నప్పుడు అడిగితే వాడు ఇంకా ముడుచుకుంటాడు. చిన్నప్పటినుంచీ అంతే. వాడి కోపం నాలుగు రోజులు. తగ్గగానే వచ్చేస్తాడు."

కూచన ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. కలపడం ఎంతకీ కాలేదు.

"మంచి మాటకారి" అన్నాడు మైలారుడు. "వాడు చెప్పిందొకటి చెప్తా విను." చెప్పడం మొదలుపెట్టాడు. చివర చెప్పాల్సింది ముందే చెప్పేశాడు. చెప్పి, ఎందుకు నవ్వడంలేదని కూచన మొహం చూశాడు. కూచన కాసేపు ఆగి, అప్పుడు నవ్వాడు. అది విని మైలారుడికి సంతోషమైంది. ఇంకొకటి మొదలుపెట్టాడు.

పులుసు వచ్చింది, పరమాన్నం వచ్చింది, పెరుగు వచ్చింది. బంతిలో ఒకరొకరే తినడం ముగించి చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ఒక్కడు తింటూ ఉన్నా మిగిలినవాళ్ళు లేవకూడదు. ఎక్కడైనా అదే మర్యాద. కూచన మెతుకు మెతుకు ఏరుకుని తింటున్నాడు. విస్తరిలో నాలుగు మెతుకులుంటే మూడు అటు జరిపి ఒకటి ఇటు తీస్తున్నాడు. పక్కన మైలారుడు చెప్పుకుపోతున్నాడు, ఏటి ఇసకా, ఈతా, దొంగిలించిన చెరకుగడలూ. వాటన్నిటిలోనూ కూచన ఉన్నాడు.

గుమ్మం అవతల రెండో బంతివాళ్ళు ఆకలితో నిలబడ్డారు. వల్లభుడు కడుపు పట్టుకున్నాడు. భట్టు ఆగలేక రాజుగారి దగ్గరికి పరిగెత్తాడు. "ప్రభూ, ముహూర్తం దాటిపోతోంది! వాడు కావాలనే లేవడం లేదు. మూడు బంతులకి పట్టేంత సేపు ఒక్క బంతికే పట్టేట్టుంది!"

రాజుగారు నవ్వుతూ బంతి వరస వెంబడి నడిచి వచ్చారు. "ఏం కూచనా, ఇంకా కాలేదా భోజనం?"

మైలారుడు తలెత్తాడు. రాజుగారిని గుర్తుపట్టాడో లేదో గాని పెద్దమనిషని తెలుసుకుని చేతులు జోడించాడు. "ఈయన కూచన కాదయ్యా. కూచన ఇంకా రాలేదు."

రాజుగారు కూచన వైపు చూశారు.

"నిజమే ప్రభూ" అన్నాడు కూచన తలెత్తకుండా. "ఇంకా రాలేదు."

ఉద్దండరాయుడు చాలాసేపు అక్కడే నిలబడ్డారు. నగరిలో అందరికంటే ఎత్తుగా ఉండే మనిషి, ఆ పూట ఎవరికీ అంత ఎత్తుగా కనిపించలేదట. తర్వాత మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు సభలో నవ్విన నవ్వు కాదు. వడ్డించేవాళ్ళను పిలిచారు.

"భట్టునూ వల్లభుణ్ణీ వెళ్ళి నీడలో కూర్చోమనండి. ముహూర్తం సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. "ఈ ఇద్దరికీ కొత్త విస్తళ్ళు వెయ్యండి. పప్పు దగ్గర్నుంచి మళ్ళీ వడ్డించండి."